పగిలిన బిళ్ల నేర్పిన పాఠం

ఆవము చల్లారనిదే కుండను తీయరాదని కుమ్మరికి తెలుసు. డిగ్రీ తుది సంవత్సరపు భౌతికశాస్త్ర విద్యార్థులమైన మాకు మాత్రం ఆ మాట నష్టం జరిగిన తరువాతనే తెలిసింది.

మా ప్రాజెక్టు అంశం బేరియం టైటనేట్. బేరియం కార్బొనేట్‌ను, టైటానియం డయాక్సైడ్‌ను కలిపి నూరి, ఫర్నేసులో కాల్చి, ఆ పొడిని బిళ్లగా అదిమి, మరల సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాల్చవలెను. ఫలితం చూడవలెనన్న ఆత్రుతతో మేము ఫర్నేసును వేళకు ముందే తెరిచాము. మూడు వారాల శ్రమ రెండు ముక్కలైనది. పరీక్షకు మిగిలినవి పది దినాలే!

ఈ తెల్లని పింగాణి బిళ్లకు ఇంత శ్రమ ఎందుకు అని పాఠకులు అడుగవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రేడియో పరికరాల కెపాసిటర్లకు అభ్రకం విశేషంగా కావలసి వచ్చింది. మా ఉర్దూ మిత్రులు 'అబ్రక్' అనేదీ, తెలుగువారు గూడూరు గనుల పేరుతో ఎరిగినదీ అదే. దానికి బదులు మరొకటి వెదకుతున్న ఆ కాలంలో, అమెరికా, సోవియట్ యూనియన్, జపాను దేశాల శాస్త్రజ్ఞులు వేరువేరుగా బేరియం టైటనేట్ గుణాలను కనుగొన్నారు. అభ్రకపు రోధక స్థిరాంకం సుమారు 6. దీనిది వేయికి పైన.

ఇందుకు మూలం దాని స్ఫటిక నిర్మాణం. 1839లో ఉరల్ పర్వతాల నుండి వెలుగులోనికి వచ్చిన పెరోవ్‌స్కైట్ ఖనిజపు పేరనే ఆ నిర్మాణాన్ని పిలుస్తారు. ఘనపు మూలలలో బేరియం, ముఖాల నడుమ ఆక్సిజన్, కేంద్రంలో టైటానియం ఉంటాయి. సుమారు 120 డిగ్రీలకు దిగువన టైటానియం కేంద్రం నుండి రవ్వంత ప్రక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటు వల్లనే స్ఫటికానికి విద్యుద్ధ్రువత కలుగుతుంది. నేడు సెల్‌ఫోనులలోని సూక్ష్మ కెపాసిటర్లు ఈ పదార్థంతోనే తయారగుచున్నవి. ఈ కుటుంబానికే చెందిన లెడ్ జిర్కొనేట్ టైటనేట్‌ను నొక్కినచో విద్యుత్తు పుడుతుంది; వంటింటి గ్యాస్ లైటరులోని నిప్పురవ్వ దాని చలవే.

రెండవ బిళ్లను రాత్రంతా ఫర్నేసులోనే చల్లారనిచ్చి, మేము వంతులవారీగా కావలి ఉన్నాము. ఇరువైపులా వెండిపూత పూసి, మెల్లగా వేడిచేస్తూ కెపాసిటెన్సును కొలిచాము. 120 డిగ్రీల దరిదాపుల్లో గ్రాఫు శిఖరంలా లేచి దిగినప్పుడు మాలో ఎవరికీ మాట రాలేదు.

పగిలిన బిళ్లను మేము పారవేయలేదు. రాబోవు తరగతివారు తొందరపడకుండుటకై రికార్డు పుస్తకపు చివరి పుటకు దానిని అతికించాము.