కార్డు మీద చదరంగం

ఎదురెదురుగా కూర్చుంటేనే చదరంగం సాగుతుందని చాలామంది అనుకుంటారు. పోస్టుకార్డుల మీద కూడా ఆడవచ్చు. ఎవరి ఇంట్లో వారు బల్ల పరచుకొని, వేసిన ఎత్తును కార్డు మీద వ్రాసి పంపుకుంటారు. ఇది మనకు క్రొత్త కాదు. మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్లు పూర్వం ఇలాగే ఉత్తరాల మీద రెండు ఆటలు ఆడారు. మద్రాసు పక్షాన ఆట నడిపిన గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్ అనే ఉద్యోగితో కలిసి వాటిని 1829లో పుస్తకంగా వెలువరించాడు. ‘ముజియో గాంబిట్’ అనే సాహసపు ఆరంభాన్ని అందులో విశ్లేషించారు.

మేము ఆ ఆరంభాన్ని ఎరిగింది మా అన్న వలన. 1994లో మేము గోదావరిఖనిలో, ఆయన కొత్తగూడెంలో ఉండేవాళ్లం. రెండు చోట్లా బొగ్గుబాయి పనే. పొలం పంపకం దగ్గర మాటలు నిలిచిపోయి రెండేండ్లయింది. అమ్మ మా దగ్గర ఉండేది. ఒకనాడు ఆయన కార్డు వచ్చింది. క్షేమసమాచారం ఏమీ లేదు. ‘రాజు ముందరి బంటు రెండు గళ్లు’ అని మాత్రం ఉంది. చిన్ననాడు మాకు ఆట నేర్పింది ఆయనే. జవాబు వ్రాయాలా, వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడుతుంటే అమ్మ, “ఎత్తే గదా అడిగిండు, పొలం కాదు గదా! వెయ్యుండ్రి” అన్నది.

అయిదవ కార్డులో ఆయన గుర్రాన్ని వదిలేశారు. మా బంటు దాని మీదికి వచ్చినా తప్పించక, రాజుకు కోట కట్టుకున్నారు. గుర్రం మాకు దక్కింది. కాని ఆయన మంత్రి, ఒంటె, ఏనుగు మూడూ మా రాజు ప్రక్క గడి వైపుకే మళ్లాయి. ఆ గడికి కాపలా రాజు ఒక్కడే. ఒక్క ఎత్తు తప్పితే ఆట పోయినట్లే. రాత్రి షిఫ్టు దిగి వచ్చాక పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆయన మనసులో ఏముందో వెదికేవాళ్లం. మాటలు నిలిచాక ఆయనను గూర్చి అంతసేపు ఆలోచించడం అదే మొదలు.

తొమ్మిదవ కార్డు అడుగున ఒక పంక్తి ఉంది: ‘అమ్మకు దగ్గు తగ్గిందా?’ తగ్గలేదని వ్రాశాము. తరువాతి ఎత్తు కార్డులో రాలేదు. ఆదివారం ఆయనే వచ్చారు. అమ్మ మంచం ప్రక్కనే ఆట ముగించాము. మేమే ఓడిపోయాము. పొలం సంగతి మరుసటి వేసవికి తెమిలింది. అది కళ్లారా చూచిన తరువాతనే అమ్మ కన్నుమూసింది.

మీ ఇంట్లోనూ ఎవరితోనైనా మాటలు నిలిచిపోయాయా? పెద్ద ఉత్తరం అక్కరలేదు. అవతలివారు సులువుగా జవాబివ్వగల చిన్న సంగతి ఒకటి వ్రాసి పంపండి.