బచ్చలింట్లో వెలుగు

మా నాయన హిందూపురంలో బడిపంతులుగా చేసి రిటైరయిన మనిషి. తెల్లవారుజామునే లేచి, పెరట్లో బచ్చలి దగ్గర నాలుగు చెంబులు నెత్తిన కుమ్మరించుకుంటే తప్ప ఆయనకు తెల్లారినట్టు కాదు. అలాంటి మనిషి, అమ్మ పోయాక బెంగుళూరులో మా ఇంటికి వచ్చిన నెలలోపే స్నానాన్ని రోజు విడిచి రోజుకు మార్చేశాడు. అదేమని అడిగితే, "మీ ఊరి చలి పాపా! ఎండల్లో పెరిగిన ఒళ్ళు కదా" అన్నాడు. నిజమే కాబోలనుకుని గీజరు ఇంకాస్తసేపు వేసి ఉంచాను. బకెట్లో నీళ్ళు చల్లారిపోయేవి గాని ఆయన లోపలికి వెళ్ళేవాడు కాదు.

అసలు సంగతి ఒక ఆదివారం బయటపడింది. స్నానాలగది తలుపు పట్టుకుని నిలబడి, కాలి బొటనవేలితో గడప అవతలి మెట్టును తడుముకుంటున్నాడు, ఏట్లో లోతు చూసుకునేవాడిలా. నన్ను చూసి చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏం లేదమ్మా, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానా అని" అన్నాడు.

కళ్ళద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.

అల్లుడింట్లో ఉంటూ ఇది బాగాలేదు, అది కనబడలేదు అని చెప్పడం ఆ తరం వాళ్ళకు చేతకాదు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. షుగరు అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. అంతదాకా ఆ గదితోనే ఆయన నెట్టుకురావాలి.

ఆ గది సంగతి చెప్తాను. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. గోడలకు ఏడడుగుల ఎత్తు వరకు ముదురు కాఫీరంగు టైల్సు. నేలా అదే రంగు. మురికి కనబడదని వేయించినట్టున్నారు. మురికితో పాటు మెట్టూ కనబడదు, నేలమీద నిలిచిన నీళ్ళూ కనబడవు. తలుపు పైన ఒకే ఒక్క బల్బు. మనం లోపలికి వెళ్ళి నిలబడితే మన నీడ మన ముందే పడుతుంది.

విచిత్రమేమిటంటే, మేముంటున్న మల్లేశ్వరం పేరు తెచ్చుకున్నదే గాలీ వెలుతురూ ఉన్న పేటగా. 1898లో పాత బెంగుళూరు ఇరుకు సందుల్లో ప్లేగు ప్రబలినప్పుడు, ఊరికి ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి వెడల్పాటి వీధులతో, ఇంటి చుట్టూ ఖాళీ స్థలంతో వెలిశాయి. ఆ ఖాళీ స్థలాల్లో తర్వాత మేడలు లేచాయి. అలాంటి ఒక మేడలో రెండో అంతస్తులో అద్దెకున్నాం మేము.

మొదట టైల్సే మార్పిద్దామని లాల్‌బాగ్‌కు దగ్గర్లోని సిద్దయ్య రోడ్డుకు వెళ్ళాం. టైల్సు, సింకులు, కుళాయిలు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయక్కడ. పాతవి పగలగొట్టి కొత్తవి వేయడానికి మేస్త్రీ చెప్పిన లెక్క 60,000 రూపాయలు. పైగా అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరుగారిని అడగాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడుతుందని బెంగుళూరు తెలుగువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మావారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు నాలుగు వేలలో ఏమవుతుందో చూద్దామనుకున్నాం.

దారి చూపించింది మా వీధి చివరి పెంకుటింటి అజ్జి. వాళ్ళ బచ్చలింటి కప్పులో మంగుళూరు పెంకుల మధ్య రెండు గాజు పెంకులుంటాయి. పగలు దీపంతో పనిలేదు. నా గోడు విని ఆవిడ, "మొదలు కిటికి తొళి, ఆమేలె దీప తగో" అంది. ముందు కిటికీ కడుగు, దీపం సంగతి తర్వాత అని.

ఇంటికొచ్చి స్టూలెక్కి చూశాను. మా స్నానాలగదిలో పైన ఒక వెంటిలేటరు ఉంది. అడ్డంగా నాలుగు గాజుపలకలు. ముందున్నవాళ్ళెవరో మరుగు కోసం వాటికి నల్లకాగితం అంటించారు. దానిమీద ఏళ్ళ తరబడి సబ్బుతెట్టు, ధూళి. పలకలు ఊడదీసి, కాగితం గీకి, కడిగి, మళ్ళీ బిగించాను. మరుగు కోసం పాలరంగు పలచటి స్టిక్కరు అంటించాను. వెలుతురును రానిస్తుంది, మనిషిని కనబడనివ్వదు. ఆ ఒక్క పనితో పగటి చీకటి సగం పోయింది.

ఇక తెల్లవారుజామున స్నానానికి దీపం కావాలి. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి కె.ఆర్. మార్కెట్టులో దిగాను. శివసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో 1905లో బెంగుళూరు తొలి విద్యుద్దీపాలు వెలిగింది ఆ మార్కెట్టు దగ్గరే. పక్కనే ఎస్.జె.పి. రోడ్డు. స్క్రూ నుంచి మోటారు దాకా దొరకని సామాను లేదు. దుకాణం ముసలాయనకు మా నాయన సంగతి చెప్పి, బాగా పెద్ద బల్బు ఒకటి ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు.

"శుక్లాలున్న కంటికి బల్బు సూటిగా కొడితే ఇంకేమీ కనబడదమ్మా. తెల్లటి మూతున్న చిన్నవి రెండు తీసుకెళ్ళు. ఒకటి అద్దం పైన, ఒకటి ఎదురుగోడకు. నీడలు పడవు" అన్నాడు.

రెండడుగుల పొడవు, పది వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు, నీటితుంపర్లకు తట్టుకునే రకం రెండు తెచ్చాను. ఆ తుంపర్ల గుర్తు ఐ.పి.44 అని డబ్బామీద ఉంటుంది. మరీ నీలంగా కాక, మరీ పసుపుగా కాక, 4000 అంకె ఉన్నవి తీసుకున్నాను. బిగించడం మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను. తడి ఉన్న చోట కరెంటుతో మన ప్రయోగాలు వద్దు.

దీపం ఎంత పెట్టినా ముదురు టైలు దాన్ని మింగేస్తుంది. తెల్లటి పెయింటు తనమీద పడిన వెలుతురులో నూటికి ఎనభై పాళ్ళ దాకా తిరిగి ఇస్తే, కాఫీరంగు టైలు ఇచ్చేది పదిపాళ్ళ చుట్టుపక్కలే. అందుకని ఓనరుగారి అనుమతితో, టైల్సుకు పైనున్న గోడకు, కప్పుకు తెల్లసున్నం రంగు, తలుపు లోపలివైపుకు తెల్ల ఎనామెలు వేయించాం. వెంటిలేటరుకు ఎదురుగోడన పెద్ద అద్దం పెట్టాం. కిటికీ ఒకటే అయినా రెండున్నట్టు అనిపిస్తుంది.

టైల్సు మీద బోరునీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుంది. వెనిగరులో సమానంగా నీళ్ళు కలిపి ఐదు నిమిషాలు ఉంచి బ్రష్షుతో రుద్దితే టైలు మెరుపు బయటపడింది. వీధిలో అమ్మే యాసిడ్ వాడకండి, టైల్సు మధ్య సిమెంటును తినేస్తుంది. వెనిగరును బ్లీచింగు పౌడరుతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

చివరికి తెలిసిన సంగతి ఒకటుంది. పెద్దవాళ్ళకు వెలుతురొక్కటే చాలదు, వస్తువుకూ దాని వెనకున్న రంగుకూ తేడా కావాలి. కాఫీరంగు నేలమీద కాఫీరంగు బకెట్టు పెట్టుకుని ఇన్నాళ్ళూ వాడాం! ఇప్పుడు తెల్లబకెట్టు, ఎర్రమగ్గు. మెట్టు అంచుకు పసుపు పట్టీ. జారకుండా లేతరంగు రబ్బరు పట్టా. ఇక్కడ ముదురు టైలే మాకు మేలు చేసింది, దానిమీద ఇవన్నీ కొట్టొచ్చినట్టు కనబడతాయి.

లెక్క అడిగేవారి కోసం: దీపాలు 500, ఎలక్ట్రీషియన్‌కు 400, అద్దం 900, రంగులు 650, పట్టా, పట్టీ 350, బకెట్టు, మగ్గు 400, స్టిక్కరు, వెనిగరు, బ్రష్షు 100. మొత్తం 3,300 రూపాయలు. రంగు వేసింది మావారే కాబట్టి కూలి లేదు, రెండు రోజులు వేడివేడి బజ్జీలు తప్ప.

మా నాయనకు ఏమీ చెప్పలేదు. ఇల్లు శుభ్రం చేస్తున్నామన్నాం, అంతే. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లోపల చెంబు మోగిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి, మధ్యలో ఏదో శ్లోకం. లేచి కాఫీ పెట్టాను. తలతుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అది డిసెంబరు నెల, కిటికీ బయట మంచు కురుస్తోంది.

"చలి తగ్గినట్టుంది పాపా" అన్నాడు.

"అవును నాయనా, తగ్గింది" అన్నాను.