చిలుకకు పట్టెడ

చిలుకకు కళ్లెము వేయుట మన కవులకు క్రొత్త గాదు. మన్మథుని చిలుకరౌతని పిలిచి, ఆ పక్షిని గుఱ్ఱముగా చేసి, దానిపై నాతని నెక్కించి ఊరేగించిరి. ఆ కళ్లెపు కొలత యెంతయో, అది ఱెక్కసందున ఒరయునో లేదో వారు విచారింపలేదు. వారికి ఆ చింత యక్కఱలేదు గాని నేటి గృహిణికి కలదు. పెంపుడు చిలుకను ఆరుబయటికి తీసికొనిపోవుటకై మెత్తని నేతపట్టీతో కుట్టిన సాధన మొకటి యిప్పుడు అంగళ్లలోను, సెల్‌ఫోను బేరములలోను దొరకుచున్నది. అమ్మువారు దానిని హార్నెస్ అందురు. మేము పట్టెడ యనుచున్నాము. మెడచుట్టు ఒక వలయము, ఱెక్కల క్రిందుగా ఱొమ్ముచుట్టు నింకొకటి, వీపుమీద పొడవైన త్రాడు. ఇంతియే దాని నిర్మాణము. చూచుటకు ముచ్చటగానే యుండును. కొలత తప్పెనా, ప్రాణముమీదికి వచ్చును.

ముందుగా ఒక మాట. ఇది మన రామచిలుకను గూర్చి వ్రాయుచున్నది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు నేరము. దానికి తగిన పట్టెడ చెట్టుకొమ్మయే. విదేశములనుండి వచ్చిన జాతులమాట వేఱు. వానిలో అంతర్జాతీయపు ఒడంబడిక పట్టికల కెక్కినవానిని పెంచువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. ఆఫ్రికా బూడిదవన్నె చిలుకను 2016 లో జరిగిన సభలో ఆ పట్టికలలోకెల్ల కఠినమైనదానిలో చేర్చిరి. కావున కాగితములు సరిగానున్నవో లేవో చూచుకొనిన పిమ్మటనే పట్టెడ విచారము.

ఇఁక కొలత కింత పట్టింపేల యని సోదరీమణులు అడుగవచ్చును. మనకు ఱొమ్మునకును ఉదరమునకును నడుమ ఒక కండరపు పొర యుండి ఊపిరిని లాగుచున్నది. పక్షికి అట్టి పొర లేదు. ఊపిరి తీసికొనునప్పుడెల్ల దాని ఱొమ్మెముక క్రిందికిని ముందునకును కదలవలెను; అప్పుడే లోపలి గాలితిత్తులు నిండును. ఆ యెముకను కదలనీయక బిగించినచో, ముక్కును నోరును తెఱచియున్నను పక్షికి గాలి యందదు. పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు పక్షిని గుప్పిట బిగించి పట్టుకొనరాదని పెద్దలు చెప్పుట యిందుకే. బిగువైన పట్టెడయు అట్టి గుప్పిటయే, కాకున్న అది అలసి వదలిపెట్టు గుప్పిట కాదు.

మావారి అక్కగారింట అట్టి బూడిదవన్నె చిలుక యొకటి కలదు. మా అన్నయ్యగారు ముచ్చటపడి పెంచి, 2020 లో ప్రభుత్వము గడువిచ్చినప్పుడు వివరములు దాఖలు చేసి, పత్రమును ఇనుపపెట్టెలో భద్రపఱచిరి. ఆయన గతించి రెండేండ్లయినది. చిలుకమాత్రము నేటికిని తెల్లవాఱగనే ఆయన గొంతుతోనే, "ఏమే, కాఫీ అయిందా?" యని కేకవేయుచున్నది. శూద్రకునికి కథ చెప్పిన కాదంబరిలోని చిలుక తనమాట తాను చెప్పినది. ఇది మఱియొకరి మాటను దాచి చెప్పుచున్నది. మా వదినగారు ఆ కేక విని లేచి, ఇప్పటికిని రెండు గ్లాసులే కడుగుదురు.

అన్నయ్యగారున్నప్పుడు దానిని భుజముమీద కూర్చుండబెట్టుకొని అరుగుపై కొంతసేపు తిరుగువారు. ఆయన పోయిన తరువాత అది పంజరము విడువక, ఱొమ్మున ఈకలు పీకికొన నారంభించెను. దానికి మరల ఎండపొడ చూపవలెనని వదినగారి కోరిక. ఎగిరిపోయిన నేమి గతి యని భయము. ఱెక్కలు కత్తిరింపుడని ఒకరు, కాలికి గొలుసు వేయుడని ఒకరు సలహా చెప్పిరి. గొలుసు మాకు సమ్మతము కాలేదు. డేగలను ఆడించువారు కాలికి తోలుపట్టీ కట్టుట నిజమే గాని, చిలుక కాలు పుల్లవంటిది. బెదరి ఎగిరి, గొలుసు చివర కుదుపు తగిలినచో విఱుగును. త్రాడు వీపున నున్నచో ఆ కుదుపు దేహమంతట పంచుకొనబడును.

మేనల్లుడు బొమ్మ చూచి పట్టెడ తెప్పించెను. మేము వెళ్లిననాడే తొడిగిరి. ఎఱ్ఱతోకకు జతగా ఎఱ్ఱపట్టీ, చూచువారికి కన్నులపండువు. నాలుగు నిమిషములు గడువకముందే చిలుక నోరు తెఱచెను. ప్రతి ఊపిరికిని తోక పైకి క్రిందికి ఊగుచుండెను. ఇంటివారు భయపడినదనుకొనిరి. భయపడిన పక్షి అఱచును, కొఱుకును. ఇది మాటలేక కూర్చున్నది. మేము పట్టీక్రిందికి చిటికెనవ్రేలు దూర్ప యత్నించితిమి. గోరుకూడ దూఱలేదు. వెంటనే తీయించితిమి. వదినగారు దానిని ఒడిలోనికి తీసికొని చాలసేపు పలుకలేదు. తుదకు, "అమ్మాయీ, ఇది పోతే ఆయన రెండోసారి పోయినట్లే" యనిరి.

బొమ్మ చూచి చీర కొనవచ్చును, పట్టెడ కొనరాదు. ఒక కంపెనీవారి నడితరపు కొలత మఱియొకరికి చిన్నది. కావున పేరును నమ్మక, వారు ముద్రించు తూనికల పట్టికను చూడవలెను. తూనిక యేల, టేపు చాలదా యందురేమో. పక్షి ఈకలు పొంగించినప్పుడొక చుట్టుకొలత, అణచినప్పుడొకటి. తూకము అట్లు మాఱదు. వంటింటి ఎలెక్ట్రానిక్ త్రాసుపై చిన్న కఱ్ఱ నిలిపి, దాని బరువు తీసివేసి, ఉదయమున మేత పెట్టకముందు చిలుకను తూచవలెను. మూడు దినములు తూచి సగటు తీసితిమి. 423 గ్రాములు వచ్చినది. ఈ జాతి సాధారణముగా 400 మొదలు 500 గ్రాముల వఱకు తూగును. కాకటీల్ 80 మొదలు 100, నీలి పసుపు మెకా సుమారు కిలో. బడ్జరిగార్ అను చిన్నచిలుక 30, 40 గ్రాములే; దానికి పట్టెడయే వలదు, వల బిగించిన కిటికీ చాలును.

తూనికతో కొలత నిర్ణయించిన పిమ్మట టేపు పని వచ్చును. మెత్తని దర్జీటేపును ఱెక్కలక్రిందుగా, ఱొమ్ము మిక్కిలి యెత్తుగానున్నచోట చుట్టి, పక్షి నెమ్మదించినప్పుడు చూచుకొనవలెను. తూకము రెండు కొలతల నడుమ వచ్చినచో, సర్దుబాటు కలిగిన పెద్దదానిని తీసికొనుట మేలని మా యభిప్రాయము. అయినను వదులు మఱీ ఎక్కువైనచో పక్షి ఒక ఱెక్క తప్పించుకొని పారిపోవును, లేదా క్రిందిముక్కు పట్టీలో తగుల్కొని గిజగిజలాడును. చిటికెనవ్రేలు ఒరసికొనుచు దూఱవలెను. చిన్నజాతులకు పెన్సిలు దూఱిన చాలును. పట్టీ ఈకలక్రింద అణగి చర్మమున కానియుండవలెను, ఈకలపై నున్నచో వదులు తెలియదు. జరీ అంచులకు, దారములు లేచు కుట్టునకు మోసపోవలదు. ఆ దారము కాలివ్రేలికి చుట్టుకొనినచో వ్రేలు పోవును.

రెండవ పట్టెడ సరిపోయినది. దానిని తొడుగుటకు మాత్రము నలువది దినములు పట్టినది. మొదట పంజరమువద్ద ఊరక వ్రేలాడదీసిరి. ముక్కుతో తాకినందుకొక పొద్దుతిరుగుడు గింజ, వలయములో తల దూర్చినందుకు రెండు. ఒకనాడు తల దూర్చి, మఱునాడు పట్టీని కొఱికివేయబోయెను. వదినగారు విసుగలేదు. బలవంతముగా తొడిగినచో పక్షి ఆ చేతినే ద్వేషించును.

ఇప్పుడు ఉదయమున ఎండ ముదురకముందే అరుగుపైకి వచ్చుచున్నది. మేత తిన్న వెంటనే తొడుగరు, మెడక్రింది మేతసంచి నొక్కుకొనును. సాగెడు త్రాడు చివర వదినగారి మణికట్టున నుండును. కన్ను ఆకాశముమీద నుండును, ఏలయన గద్ద కీ త్రాడు లెక్కలేదు. లోపలికి రాగానే పట్టెడ విప్పి, కొఱికిన జాడలేమైన నున్నవేమో వెలుతురున పట్టి చూతురు. పట్టెడతో పంజరమున వదలుట ఎన్నడును లేదు. క్రొత్త ఈకలు మొలచు దినములలో, ఆ మొలకలలో రక్తముండుటచేత, పట్టీ తగిలి చిట్లునని తొడుగుట మానివేసి, పంజరమునే అరుగుమీదికి చేర్చుచున్నారు.