కీబోర్డు మీద మున్నేరు

ఖానాపురం హవేలి పేరుకు ఊరే గానీ ఇప్పుడది ఖమ్మంలో భాగం. 2012లో ఖమ్మం మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడు చుట్టుపక్కల పంచాయతీలతో పాటు ఇదీ నగరంలో కలిసింది. చెరువు ఉంది, పాత ఇళ్లున్నాయి, వాటి మధ్యనుంచే కొత్త కాలనీలు లేచాయి. ఇక్కడి ప్రైవేటు బడుల ముందు పొద్దున పసుపు బస్సులు బారులు తీరతాయి. నేను చూడడానికి వెళ్లింది సర్కారు హైస్కూలు. దానికి బస్సు లేదు. పిల్లలు నడిచో, సైకిలు మీదో, షేర్ ఆటోలోనో వస్తారు. తల్లిదండ్రుల్లో గ్రానైట్ యూనిట్లలో రాళ్లు కోసేవాళ్లున్నారు, మేస్త్రీలున్నారు, ఇళ్లల్లో పనిచేసే తల్లులున్నారు. ఈ పిల్లల చేతికి లాప్‌టాప్‌లు వచ్చాయని తెలిసి, వాటితో ఏం చేస్తున్నారో చూద్దామని వెళ్లాను.

ముందు హెడ్మాస్టర్ గారు నన్ను పదో తరగతిలోకి తీసుకెళ్లారు. గోడకు పెద్ద తెర ఉంది. రాష్ట్రంలో 2022లో మొదలైన 'మన ఊరు – మన బడి' పథకంలోని 12 అంశాల్లో డిజిటల్ విద్య ఒకటి. ఆ తర్వాత హైస్కూళ్లకు ఈ టచ్ తెరలు వచ్చాయి. జీవశాస్త్రం టీచర్ దాని మీద గుండె బొమ్మ తెరిచి, వేలితో తిప్పుతూ గదులు చూపిస్తున్నారు. పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు. పాఠం బాగుంది. సుద్దముక్కతో గంటసేపు గీసినా రాని స్పష్టత ఆ బొమ్మలో ఉంది. అయితే ఆ పీరియడ్ మొత్తంలో తెరను తాకింది టీచర్ ఒక్కరే.

లాప్‌టాప్‌ల గది వేరే ఉంది. పాత సైన్స్ ల్యాబు అది. ఒక మూల బీకర్లు, ఇంకో మూల ఇనుప బీరువా. లాప్‌టాప్‌లు ఆ బీరువాలో ఉంటాయి, తాళంచెవి గణితం సార్ దగ్గర ఉంటుంది. ఇవి ప్రభుత్వం ఇచ్చినవి కావు. ఈ బడిలో చదివి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, తమ ఆఫీసుల్లో పక్కన పెట్టేసిన మెషీన్లను అడిగి తెచ్చి ఇచ్చారట. ఇద్దరు పిల్లలకు ఒకటి చొప్పున సరిపోతాయి. కొన్నింటి బ్యాటరీ నిలవదు, వాటిని ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచాలి. పాత మెషీన్లకు కొత్త విండోస్ బరువు కాబట్టి ఉచితంగా దొరికే లినక్స్ వేశారు. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న హైదరాబాద్ 'స్వేచ్ఛ' లాంటి బృందాల శ్రమ ఇలాంటి గదుల్లోనే అక్కరకొస్తుంది.

తొమ్మిదో తరగతి వాళ్లు వచ్చి కూర్చున్నారు. మొదటి పావుగంట తెలుగు టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్పుతున్నారు. ఇందులో అచ్చులు, గుణింతం గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతి వైపు ఉంటాయి. ఒత్తు రావాలంటే హల్లు కొట్టి, పొల్లు కొట్టి, మళ్లీ హల్లు కొట్టాలి. ఖమ్మం నది పేరు 'మున్నేరు' అని కొట్టమన్నారు సార్. ఒకమ్మాయి మ, కొమ్ము, న, పొల్లు, న, ఏత్వం అని పెదవులతో చెప్పుకుంటూ ఒక్కో మీట వెతికి నొక్కింది. తెర మీద నకారం కింద నావత్తు పడగానే పక్కనున్న పిల్ల భుజం చరిచింది. ఒత్తులు తప్పుల్లేకుండా రాయడం రాని పిల్లలకు కూడా ఇక్కడ ఒత్తు ఎలా పుడుతుందో వేళ్లకు తెలిసిపోతోందని తెలుగు టీచర్ చెప్పారు. ఆమె ఈ పీరియడ్‌కు తప్పకుండా వచ్చి కూర్చుంటారట. కంప్యూటర్ గదిలోకి తెలుగు టీచర్ రావడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ రోజు అసలు పని వరద లెక్కలు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచింది. ఆ ఆదివారం ఈ పిల్లలందరికీ గుర్తుంది. నీటిమట్టం 36 అడుగులకు చేరింది. అంతకుముందు ఏడాది జులైలో కూడా 30 అడుగులు దాటింది. సార్ బోర్డు మీద ఆ అంకెలు రాసి, మున్నేరుకు మొదటి హెచ్చరిక 16 అడుగుల దగ్గర, రెండోది 24 దగ్గర ఇస్తారని చెప్పి, స్ప్రెడ్‌షీట్‌లో పట్టిక వేయమన్నారు. పక్కనే భద్రాచలం గోదావరి పట్టిక. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. అంకెలు నింపి, గ్రాఫ్ మీట నొక్కగానే నిలువు పట్టీలు లేచి నిలబడ్డాయి. హెచ్చరిక గీతల్ని దాటి అవి ఎంత పైకి పోయాయో చూసి గదిలో కాసేపు గోల.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. "సార్, మా అమ్మమ్మ వాళ్లిల్లు మున్నేరు ఒడ్డున బొక్కలగడ్డల ఉంది. వాళ్లింట్లకు ఎన్నడుగులకు నీళ్లొస్తయో ఇండ్ల పెట్టొచ్చా?"

సార్ ఒక్క క్షణం ఆగారు. "పెట్టొచ్చురా. అమ్మమ్మనడుగు. ఏ ఏడు గడప దాకా వచ్చినయో, ఏ ఏడు కిటికీ దాకా వచ్చినయో అన్నీ రాసుకొని రా."

నేను ఇంత దూరం వెళ్లినందుకు ఆ ప్రశ్న ఒక్కటి చాలు. వాడికి ఆ మెషీన్ పాఠం చూసే పెట్టెగా కనబడలేదు. అమ్మమ్మ ఇంటి గడపను, నది లెక్కను ఒకచోట కలిపే పనిముట్టుగా కనబడింది. పిల్లల చేతికి లాప్‌టాప్ ఎందుకివ్వాలి అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

పరికరాలు కొనడంలో మన రాష్ట్రాలు వెనకబడి లేవు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5 వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు పంపారు. నేర్పే బాధ్యత ఐదేళ్ల కాంట్రాక్టు మీద బయటి సంస్థలకు అప్పగించారు. 2013లో గడువు ముగిసింది, నేర్పేవాళ్లు వెళ్లిపోయారు, చాలా గదులకు తాళాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అందులోని పాఠాలు బైజూస్‌వి. ఆ కంపెనీయే 2024లో దివాలా విచారణకు చేరింది. ఇతర దేశాల సంగతికొస్తే, పెరూ లక్షల లాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన అధ్యయనం 319 బడులను పరిశీలించి, లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లల చదువు మెరుగుపడలేదని తేల్చింది. మెషీన్లు బడికి చేరాయి, వాటితో ఏం చేయించాలో టీచర్లకు చెప్పినవాళ్లు లేరు.

ఫోన్లున్నాయి కదా, లాప్‌టాప్ ఎందుకు అని కూడా అంటారు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఫోన్ చూడడానికి అలవాటు చేస్తుంది. నాలుగు పేజీల వ్యాసం రాయాలన్నా, పట్టిక వేయాలన్నా, ప్రోగ్రామ్ రాయాలన్నా కీబోర్డు కావాలి. రేపు ఇంజనీరింగ్ కాలేజీలో చేరినప్పుడు కార్పొరేట్ స్కూలు పిల్లల పక్కన కూర్చునేది ఈ పిల్లలే. మౌస్ పట్టుకోవడం ఆ రోజు మొదలుపెట్టాల్సిన ఖర్మ వీళ్లకెందుకు?

మళ్లీ ఆ గదికొస్తే, మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ ఉన్న మెషీన్ల చుట్టూ నలుగురేసి చేరారు. నెట్ కూడా పోయింది గానీ పని ఆగలేదు. తెలుగు వికీపీడియా మొత్తాన్ని కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మెషీన్లలోనే దాచి పెట్టారు. 2003లో మొదలైన ఆ వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి, మన జిల్లాల ఊళ్లు కూడా వాటిలో కనబడతాయి. గణితం సార్ ఇక్కడికి రాకముందు దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో చేశారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లవి. కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినప్పుడు టీవీ లేని గూడేల పిల్లలు ఎంత నష్టపోయారో ఆయన కళ్లారా చూశారు. "నెట్ లేకుండా నడిచేదే మా పిల్లలకు పనికొస్తది సార్. భద్రాచలం అడవిలో నడిస్తే అది ఎక్కడైనా నడుస్తది" అన్నారు. ఆయన మాట నాకు సరైనదనిపించింది.

లోటుపాట్లు చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్ నేర్పడానికి ఈ బడిలో ప్రత్యేక పోస్టు లేదు. గణితం సార్ తన పీరియడ్లు పోను మిగిలిన టైంలో చేస్తున్నారు. ఆయనకు బదిలీ అయితే ఈ గది ఏమవుతుందో హెడ్మాస్టర్ గారు కూడా చెప్పలేకపోయారు. చార్జర్ పాడైతే సొంత జేబులోంచే కొంటున్నారు. వారానికి ఒక్క పీరియడ్ దొరుకుతోంది, పదో తరగతికైతే పరీక్షల పేరుతో అదీ లేదు. బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు 2024 నుంచి ఉన్నాయి. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీటితో పాటు ఈ మెషీన్ల మరమ్మతుకూ ఏటా కొంత డబ్బు ఆ కమిటీ చేతిలో ఉండాలి. ప్రతి మండలానికీ ఒక్క కంప్యూటర్ టీచరునైనా ప్రభుత్వం శాశ్వతంగా నియమించాలి. పెద్ద తెరకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఇది మరీ భారమేమీ కాదు.

హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న ఖమ్మం, భద్రాద్రి జిల్లాల వాళ్లకు ఒక మనవి. మీ ఆఫీసు పక్కన పెట్టిన లాప్‌టాప్‌లుంటే అడిగి తీసుకోండి, కొత్త బ్యాటరీ వేయించి, చార్జర్‌తో సహా మీరు చదివిన సర్కారు బడికి ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకండి. పండక్కి ఊరొచ్చినప్పుడు, సెలవులకు ముందో తర్వాతో బడి నడిచే రోజు చూసుకుని ఒక పూట ఆ గదిలో పిల్లల పక్కన కూర్చోండి.