ముళ్ళు ఎటువైపు ఉన్నాయో చూశారా?

మీ అమ్మాయో, అబ్బాయో ఇంగ్లండులో ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు లీడ్స్ కోట చూపించమనండి. పేరు చూసి లీడ్స్ నగరానికి బయల్దేరేరు సుమా! ఈ కోట ఉన్నది లండన్‌కు ఆగ్నేయంగా, కెంట్ ప్రాంతంలో. చుట్టూ నీళ్ళు, మధ్యలో కోట. చూడ్డానికి కన్నుల పండుగే. అయితే ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్ళు తప్పక చూడాల్సింది అక్కడి కుక్కల మెడపట్టీల మ్యూజియం.

గెర్ట్రూడ్ హంట్ అనే ఆవిడ భర్త జ్ఞాపకార్థం ఇచ్చిన సేకరణ ఇది. ఇనుపవి, ఇత్తడివి, తోలువి, వెండివి... నూటికి పైగా ఉన్నాయి. పాత ఇనుప పట్టీలకు పొడవాటి ముళ్ళుంటాయి. 'అయ్యో పాపం!' అనుకోకండి. ఆ ముళ్ళు బయటివైపుకి ఉంటాయి. తోడేలో, ఎలుగుబంటో కుక్క గొంతు పట్టుకోకుండా అవి రక్ష.

ఇప్పుడు శిక్షణ కోసమని బజార్లో అమ్మే ముళ్ళ గొలుసుకి ముళ్ళు లోపలివైపు, కుక్క మెడ మీదికే! కరెంటు షాక్ కొట్టే పట్టీలూ ఉన్నాయి. వీటిని వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. నొప్పికి బెదిరిన కుక్క ఒక్కోసారి ఎదురుతిరిగి కరుస్తుంది కూడా.

మరి ఏది కొనాలంటారా? వెడల్పాటి, మెత్తటి నైలాన్ బెల్టో, తోలు బెల్టో చాలు. పెట్టాక మెడకీ బెల్టుకీ మధ్య మీ రెండు వేళ్ళు దూరాలి. కూనలకైతే వారం వారం చూసి వదులు చేయాలి. తాడు లాగేసే కుక్కకీ, పగ్‌లాంటి చప్పిముక్కు కుక్కకీ ఛాతీకి తొడిగే పట్టీ మేలు. లాగకుండా మీ పక్కన నడిచినప్పుడల్లా ఓ చిన్న బిస్కెట్ ముక్క పెట్టండి, త్వరగా నేర్చుకుంటుంది.

కొనేముందు పట్టీ లోపలివైపు ఒకసారి తడిమి చూడండి. మీ వేలికి గుచ్చుకునేది దాని మెడకి వద్దు.