తెడ్డు, మోటారు, కర్త

కయాక్ ఆర్కిటిక్ తీరవాసులైన ఇన్యూట్ జాతివారి సృష్టి. నీటిలో కొట్టుకువచ్చిన కలపతోనో తిమింగలపు ఎముకలతోనో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి, వేట నిమిత్తం వారు నిర్మించుకొన్న సన్నని పడవ అది. రెండు కొనలా ఆకులున్న తెడ్డు దానికి గమనసాధనం. నేడు అమెరికా సరస్సులలో ప్లాస్టిక్ కయాక్‌పై కూర్చుని గాలం వేసేవారు అనేకులు. వారిలో పలువురు ఆ చిన్న పడవకు విద్యుత్ మోటారు బిగించుకొంటున్నారు.

వారి కోరిక సహేతుకమైనదే. తెడ్డు పట్టిన చేతులు గాలపు కర్రను పట్టలేవు. గాలపు కర్ర పట్టిన క్షణం నుండి గాలి పడవను తన ఇచ్చ వచ్చిన దిక్కుకు నెడుతుంది. మోటారు ఈ సంకటాన్ని తీరుస్తుంది. ఆలోచన కూడా నవీనం కాదు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్‌లోని సెన్ నదిపై, చుక్కానికి అమర్చిన విద్యుత్ మోటారుతో పడవ నడిపాడు. 1934లో అమెరికాలోని ఫార్గో నగరంలో ఓ.జి. ష్మిట్, కారు ఇంజనును స్టార్ట్ చేసే మోటారుకు ప్రొపెల్లరు జతచేసి, చేపలు పట్టేవారికి అనువైన మోటారును రూపొందించాడు.

వ్యాకరణశాస్త్రంలో పాణిని మహర్షి చేసిన విభాగం ఇక్కడ స్మరణీయం. క్రియలో స్వతంత్రుడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి ఉపకరించేది కరణం. తెడ్డు కరణం, మోటారూ కరణమే. అయితే వీటి స్వభావాలలో ఒక భేదం ఉన్నది. తెడ్డు వేసేవానికి దూరం శరీరంలోనే నమోదవుతుంది. భుజాల అలసట ఎంత దూరం వచ్చాడో చెబుతుంది. ఎదురుగాలి బలపడితే ఆ వార్త ముందుగా అరచేతులకే అందుతుంది. మోటారు అటువంటి వార్త ఏదీ కర్తకు చేరవేయదు. శ్రమ తొలగినప్పుడు శ్రమ వలన కలిగే జ్ఞానమూ తొలగుతుంది. ఆ జ్ఞానాన్ని గణితం ద్వారా తిరిగి సంపాదించుకోవలసిందే.

గణితం కఠినమైనది కాదు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుర్దాయం క్షీణిస్తుంది. పూర్తి వేగంలో 30 ఆంపియర్లు గ్రహించే మోటారుకు ఆ సగం, లెక్క ప్రకారం, గంటా నలభై నిమిషాలకు మించి చాలదు. అదే మోటారును 10 ఆంపియర్లతో మందంగా నడిపితే అయిదు గంటలు వస్తుంది. నీటి నిరోధం కారణంగా వేగం రెట్టింపు కావడానికి సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. త్వరపడేవాడు కొద్దిపాటి వేగానికి అధిక మూల్యం చెల్లిస్తాడు.

బరువు విషయమూ ఉపేక్షణీయం కాదు. అటువంటి సీసపు బ్యాటరీ దాదాపు 30 కిలోలు తూగుతుంది. అదే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అందులో సగం కూడా ఉండదు. మోటారు, బ్యాటరీ, మనిషి ముగ్గురి భారమూ వెనుకనే చేరితే పడవ ముక్కు పైకి లేచి గాలికి లోబడుతుంది. కనుక బ్యాటరీని వీలైనంత ముందుకు, అడుగున, కదలకుండా కట్టివేయాలి. బ్యాటరీకి అతి సమీపంలో తీగకు ఫ్యూజు ఉండాలి. లేనిచో తీగలు కలిసిన క్షణాన నీటి నడుమ అగ్ని పుట్టగలదు. అక్కడి పలు రాష్ట్రాలలో మోటారు బిగించిన కయాక్‌ను మోటారు పడవగా నమోదు చేయించడమూ విధి.

అసలు పరీక్ష గాలి వీచినప్పుడు వస్తుంది. వెనుకగాలితో సుఖంగా బహుదూరం వెళ్లినవాడు తిరుగు ప్రయాణంలో ఎదురుగాలిని ఎదుర్కోవాలి; బ్యాటరీ అడుగంటితే, మోటారు లేని నాటికంటె బరువైన పడవను బాహుబలంతో ఒడ్డుకు చేర్చుకోవాలి. చల్లని నీటిలో, చీకటి పడే వేళ, ఇది ప్రాణసంకటమే. అందువలన వివేకవంతుడు మొదట గాలికి ఎదురుగా వెళతాడు. సగం శక్తిని తిరుగు ప్రయాణానికి ముట్టుకోకుండా ఉంచుతాడు. లైఫ్ జాకెట్ విడువడు. తెడ్డును ఇంటి వద్ద వదలిరాడు.

జపమాల సంఖ్యను నిలుపుతుంది. జపించేది జపమాల కాదు. మోటారు పడవను నెడుతుంది; ఎప్పుడు వెనుదిరగాలో నిర్ణయించేది మోటారు కాదు. కరణం ఎంత బలవత్తరమైతే కర్త అంత జాగరూకుడై ఉండాలి. మోటారు మూగబోయిన రోజున దానిని నీటి నుండి పైకెత్తి, పక్కన కట్టి ఉంచిన తెడ్డును చేతబట్టి, తానెంత దూరంలో ఉన్నాడో ముందే ఎరిగినవాడు క్షేమంగా ఒడ్డు చేరుతాడు.