చలి శాపానికి విరుగుడు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. నలుగురు కూర్చుంటే చాలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలైపోతారు. ఏం చేస్తామో నోటితో చెప్తాం, అది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. చిన్నప్పుడు విన్న పేదరాశి పెద్దమ్మ కథల్లోకి మనమే దూరి దారి మార్చినట్టుంటుంది.

ఇంజినీరింగ్‌లో మొదలుపెట్టిన మా బ్యాచ్ ఇప్పటికీ ఆడుతోంది. నాది సూర్యాపేట, ఒకడిది మిర్యాలగూడ, మిగతా ఇద్దరిదీ కోదాడ. ఉద్యోగాలతో తలో దిక్కు అయ్యాం కాబట్టి వీకెండ్స్‌లో ఆన్‌లైన్‌లో ఆడతాం. సంక్రాంతికి ఊళ్లకొస్తే మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. కథ నడిపే పని నాది.

ఈ ఆటలో చలికాలపు శాపాలకు, రోగాలకు కొదవ లేదు. 2020లో వచ్చిన ‘రైమ్ ఆఫ్ ది ఫ్రాస్ట్‌మెయిడెన్’ పుస్తకంలో ఆరిల్ అనే శీతల దేవత ఒక ప్రాంతాన్నంతా తెగని చలికాలంలో బంధిస్తుంది. అయిదో ఎడిషన్ రూల్స్ ప్రకారం చలి దాదాపు మైనస్ 18 డిగ్రీలకు పడిపోతే గంటకోసారి పాచిక వేయాలి. ఓడినప్పుడల్లా ఒక మెట్టు నీరసం. ఆరో మెట్టు చావు.

మా దగ్గర ఇది పెద్దగా పారలేదు. కాలి వేళ్లు గడ్డకట్టి నల్లబడ్డాయని చెప్తే ఇంగ్లిష్ సినిమా చూసినట్టు విన్నారు. మనకు మంచు అన్నది ఒకటే మాట. హిమాలయాల్లో పడేదీ మంచే, మబ్బుల లేచి చూస్తే చెరువు మీద కమ్ముకునేదీ మంచే. మనకు తెలిసింది రెండోదే. అందుకే మన చలికి మన శాపాలే రాద్దామని కూర్చున్నాను. మూడు తయారయ్యాయి.

మొదటిది ‘తెల్లతెర’. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగానే పోతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున పొగమంచు పట్టిందంటే ముందు ఆగి ఉన్న లారీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఈ శాపం సోకినవాడికి పదడుగుల అవతల ఏదీ కనపడదు, కనపడట్లేదన్న సంగతి కూడా వాడికి తెలియదు. విరుగుడు ఏమిటంటే, పొద్దెక్కేదాకా ఆగడం. కత్తి పట్టుకున్న వీరులకు అన్నిటికంటే కష్టమైన పని అదే.

రెండోదానికి పేరు నేను పెట్టలేదు, రైతులే పెట్టారు. అగ్గితెగులు. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు యాసంగి నార్లు పోసేది చలిలోనే. ఇగం ఎక్కువైతే నారు ఎదగదు, ఆకు పసుపు తిరుగుతుంది. రాత్రి నారుమడి మీద పట్టా కప్పి పొద్దున్నే తీస్తారు, చల్లబడ్డ నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు పెడతారు. ఆ చల్లటి రాత్రుల్లో, ఆకు మీద మంచు తడి ఆరకుండా ఉన్నప్పుడు అగ్గితెగులు శిలీంధ్రం లేస్తుంది. పేరులో అగ్గి, పుట్టేది చలిలో. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, గోధుమరంగు అంచు, మధ్యలో బూడిద రంగు. ముదిరితే చేను తగలబడ్డట్టే ఉంటుంది. వెన్ను మెడ దగ్గర పట్టిందా, అది మెడవిరుపు, గింజ తాలు పోతుంది. యూరియా దండిగా వేసి పచ్చగా పెంచిన చేనునే ఇది ఎక్కువ పడుతుంది.

ఆటలో ఇది మనుషులకు సోకుతుంది. శక్తినిచ్చే కషాయం తాగినకొద్దీ మచ్చలు పెరుగుతాయి. అందరూ గిన్నెలకు గిన్నెలు తాగిస్తుంటే, నాన్న వరి పండించే కోదాడ అమ్మాయి మాత్రం, “మచ్చ నూలుకండె లెక్క ఉందా? అయితే ముందు ఆ కషాయం ఆపండి” అంది.

మూడోది ‘వంకర గాలి’. మన వైపు చలికాలంలో ఎవరికైనా మూతి వంకరపోతే గాలి సోకిందంటారు. దాని వెనక రెండు వేరువేరు జబ్బులు ఉండొచ్చు. ఒకటి బెల్స్ పాల్సీ, అంటే ముఖ నరం దెబ్బతినడం. మొదటి మూడు రోజుల్లో మందులు మొదలుపెడితే మంచిది, ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. రెండోది పక్షవాతం. మూతితో పాటు చెయ్యి వాలిపోవచ్చు, మాట ముద్దగా రావచ్చు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది కూడా. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం నాలుగున్నర గంటలే. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం.

కొత్త కథ మొదలుపెట్టే ముందు ఏ విషయాలు వద్దో అందరినీ అడగడం ఈ ఆటలో పద్ధతి. వంకర గాలి ఉంటే ఎవరికైనా ఇబ్బందా అని అడిగాను. మిర్యాలగూడ వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల తాత సంగతి చెప్పాడు. పుష్యమాసంలో ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి మాట తడబడింది, కుడిచెయ్యి లేవలేదు. గాలి సోకిందన్నారు. ఒకరు తాయెత్తుకు పోయారు, ఇంకొకరు పావురం రక్తం రాస్తే పోతుందని పావురం కోసం తిరిగారు. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు కానీ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు.

“ఎవ్వరూ ఊకె కూసోలేదురా. అందరూ ఉరికిన్రు. ఉరికింది వేరే దిక్కు” అన్నాడు. అయితే తీసేస్తానన్నాను. “తీసెయ్యకు. గంటలు మాత్రం లెక్కపెట్టు” అన్నాడు.

అలాగే పెట్టాను. పిల్లలమర్రి లాంటి ఒక పాత గుడి ఊళ్లో ముసలాయనకు వంకర గాలి సోకుతుంది. పక్కన అయిదు గింజలు పెట్టాను, గంట గడిస్తే ఒకటి తీసేస్తాను. గింజలు ఎందుకో ఎవరికీ చెప్పలేదు. వీరులు శాపం పెట్టిందెవరని ఊరంతా విచారించారు, ముసలాయన చేసిన పాపమేంటని అడిగారు. శాపం అనగానే మనకు పాపం ఎవరిదన్నదే ముందు గుర్తొస్తుంది. మూడో గింజ తీసినప్పుడు గానీ వైద్యుడు ఎక్కడున్నాడని ఒకరు అడగలేదు. బండి కట్టి, పొగమంచులో దారి వెతుక్కుని చేరేసరికి అయిదూ అయిపోయాయి. ఆ రాత్రి ఆట ఆపేశాక కూడా ఎవరూ లేవలేదు. మూతి, చెయ్యి, మాట, ఈ మూడూ చూడాలి కదా అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నారు. ముగ్గురి ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. మా కథలోనూ తెల్లతెర ఆ రోజుతో పోయింది, అగ్గితెగులు మచ్చలు ఎండిపోయాయి. గుడి మెట్ల మీద కూర్చునే ముసలాయన మాత్రం ఇంకా ఎడమచేత్తోనే తింటున్నాడు. అలా ఉంచమన్నది మిర్యాలగూడ వాడే.